అయిపోయిన సెల్లు ఎక్కడ వెయ్యాలి?

పోయిన ఎపిసోడ్‌లో సైటు కరెంటు జాగ్రత్తల గురించి మాట్లాడుతుంటే చివర్లో ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, నా అల్మారాలో రెండు పాడైపోయిన పవర్ బ్యాంకులు, ఒక పాత ఫోను బ్యాటరీ, గుప్పెడు పెన్సిల్ సెల్లు ఉన్నాయి. చెత్తబుట్టలో వెయ్యొద్దంటారు, రూములో ఉంచొద్దంటారు. మరి ఎక్కడ వెయ్యాలి?" అప్పటికి టైమ్ అయిపోయింది, రెండు ముక్కల్లో చెప్పి ఊరుకున్నాం. ఆ ప్రశ్నకి జవాబు రెండు ముక్కల్లో అయ్యేది కాదు, అందుకే ఇలా రాస్తున్నాను.

నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చేసినవాడిని. ఇక్కడ సింగపూర్‌లో సూపర్‌వైజర్‌గా ఉన్నాను. నేను చెప్పే రూల్సు సింగపూర్‌వి. దుబాయ్, ఖతార్, మలేషియాలో ఉండి వినేవాళ్ళు పద్ధతి వరకు తీసుకోండి, రూల్సు మాత్రం అక్కడివి అక్కడే కనుక్కోండి.

మన చిన్నప్పుడు సెల్లు అంటే రేడియోలోను, టార్చిలైటులోను వేసే లావు సెల్లు. పవర్ తగ్గితే ఎండలో పెట్టేవాళ్ళం, ఇంకో రెండు రోజులు లాగేది. పూర్తిగా చచ్చిపోయాక రాయితో పగలగొట్టి, మధ్యలో ఉన్న నల్ల కడ్డీ తీసి గోడల మీద గీతలు గీసేవాళ్ళం. చేతులకంటిన నల్లపొడి నిక్కరుకి తుడుచుకునేవాళ్ళం. ఆ కడ్డీ కార్బన్, నల్లపొడి మాంగనీసు డయాక్సైడు, బయటి డబ్బా జింకు. వాటిలో చాలా రకాల్లో అప్పట్లో కొద్దిగా పాదరసం కూడా కలిపేవారు, జింకు తొందరగా తినేయకుండా. తర్వాత చాలా దేశాలు దాన్ని ఆపించాయి. కాబట్టి ఇప్పుడు గోడ గడియారానికో టీవీ రిమోటుకో వేసే పెన్సిల్ సెల్లు ఆ రోజుల్లో ఉన్నంత విషం కాదు. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, కొందరు అన్ని బ్యాటరీల్నీ ఒకే గాటన కట్టి భయపెడతారు. భయపడాల్సినవి వేరే ఉన్నాయి. వాటిని పట్టించుకోకుండా రిమోటు సెల్లు గురించి దిగులు పడితే లాభం లేదు.

లెక్క వేసి చూడండి. ఒక పెన్సిల్ సెల్లు సుమారు 23 గ్రాములు. అంటే కిలోకి నలభై పైచిలుకు. ఆ కిలోలో ఉండేది కొంత ఉక్కు, కొంత జింకు, కొంత మాంగనీసు. వాటిని ఏరి, లారీలో తీసుకెళ్ళి, విడగొట్టడానికయ్యే ఖర్చు, లోపల దొరికే లోహం ధర కంటే ఎక్కువ. అందుకే పాత ఇనుము కొనేవాడు సెల్లు అడగడు. ఇక్కడ మన బ్లాకుల కింద తిరిగే కరంగూని అంకుల్ కూడా అంతే. పాత ఫోను ఇస్తే కొంటాడు, పాత పేపరు కొంటాడు, చచ్చిన సెల్లు ఇస్తే చెయ్యి ఊపి వెళ్ళిపోతాడు.

అదే లారీ బ్యాటరీ, ఇన్వర్టర్ బ్యాటరీ చూడండి. దానికి ఏ డబ్బా పెట్టక్కర్లేదు, ఎవరూ ప్రచారం చెయ్యక్కర్లేదు. కొత్తది కొనేటప్పుడు షాపువాడే పాతది తీసుకుని డబ్బు తగ్గిస్తాడు. ఎందుకంటే అందులో సీసం ఉంది, సీసానికి రేటు ఉంది. కాకపోతే అదీ మంచి కథ కాదు. మన దేశంలో కొన్నిచోట్ల దొడ్లో పొయ్యి పెట్టి బ్యాటరీ ప్లేట్లు కరిగిస్తారు. ఆ పొగ, ఆ బూడిద పడిన నేల మీద ఆడుకునే పిల్లల రక్తంలోకి సీసం చేరుతుంది. పిల్లల మెదడు మీద దాని దెబ్బ పడితే మళ్ళీ బాగయ్యేది కాదు. కొనేవాడు ఉన్నంత మాత్రాన సరిగ్గా రీసైకిల్ అవుతుందని అనుకోకూడదు.

ఇంకో పాతది నికెల్ కాడ్మియం. మన సైట్లలో పాత కార్డ్‌లెస్ డ్రిల్లులకి, ఎమర్జెన్సీ లైట్లకి ఇవే ఉండేవి. ఇప్పటికీ ఏ స్టోరు మూలనో దొరుకుతాయి. జపాన్‌లో తొయామా అనే చోట గని నుంచి కాడ్మియం జింజూ నదిలో కలిసి, ఆ నీళ్ళతో పండిన వరి తిన్నవాళ్ళకి ఎముకలు గుల్లబారిపోయాయి. నొప్పి భరించలేక "ఇతాయ్, ఇతాయ్" అని అరిచేవారట, అంటే "నొప్పి, నొప్పి" అని. జబ్బుకి ఆ పేరే పడింది. 1968లో అక్కడి ప్రభుత్వం అది కాలుష్యం వల్ల వచ్చిన జబ్బేనని ఒప్పుకుంది. అది గని నుంచి వచ్చింది, బ్యాటరీ నుంచి కాదు. కానీ లోహం అదే. దాన్ని వరిచేలోకి పంపకూడదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి.

ఇక అసలు సంగతి లిథియం. ఫోను, పవర్ బ్యాంకు, బ్లూటూత్ స్పీకరు, ట్రిమ్మరు, చేతి ఫ్యాను, ఈ-బైకు, కొత్త డ్రిల్లులు, అన్నిట్లోనూ ఇదే. లోపల రెండు పలుచని రేకులు, మధ్యలో కాగితం లాంటి పొర, దానికి నానిన ద్రవం. ఆ ద్రవం మండుతుంది. పొర చిరిగి రేకులు తగిలితే లోపలే షార్ట్ అయి వేడెక్కుతుంది, ఆ వేడికి పక్క భాగం పాడవుతుంది, అది ఇంకా వేడి పుట్టిస్తుంది. ఒకసారి మొదలైతే దానంతటది పెరుగుతూ పోతుంది. "చచ్చిపోయింది కదా, ఇంకేం చేస్తుంది" అనుకుంటాం. ఫోను ఆన్ కాకపోయినంత మాత్రాన బ్యాటరీలో శక్తి లేనట్టు కాదు. చెత్త లారీలో వెనక పెద్ద ప్రెస్సు ఉంటుంది, చెత్తని నొక్కి నొక్కి లోపలికి తోస్తుంది. ఆ ప్రెస్సు కింద పవర్ బ్యాంకు పడితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. చుట్టూ అట్టపెట్టెలు, ప్లాస్టిక్ కవర్లు. ఆ లారీ మీద పనిచేసేవాడు కూడా మనలాగే వర్క్ పర్మిట్ మీద వచ్చినవాడే కావచ్చు.

సింగపూర్‌లో చెత్తని ఎక్కువగా కాలుస్తారు. మన ఊళ్ళో లాగా ఊరి బయట గుట్ట పొయ్యరు, స్థలం లేదు. కాల్చగా మిగిలిన బూడిద, కాలనివి కలిపి సముద్రంలో కట్టిన సెమకావ్ డంపింగ్ యార్డుకి పడవల్లో పంపుతారు. 1999లో మొదలైన ఆ యార్డు 2035 నాటికి నిండిపోతుందని అంచనా. బ్యాటరీలో ఉన్న లోహం మంటల్లో మాయమైపోదు, బూడిదలోనో పొగ వడగట్టే ఫిల్టర్లలోనో చేరుతుంది. పైగా తవ్వి తెచ్చిన కోబాల్టు, నికెల్, లిథియం అన్నీ అలా సముద్రం పాలు.

ఇక్కడి పర్యావరణ సంస్థ ఎన్‌ఈఏ లెక్క ప్రకారం ఈ దేశంలో ఏటా 60,000 టన్నుల దాకా ఎలక్ట్రానిక్ చెత్త వస్తుంది. ఇళ్ళ నుంచి వచ్చే దాంట్లో రీసైక్లింగ్‌కి వెళ్ళేది 6 శాతమేనని వాళ్ళ సర్వేలోనే తేలింది. అది చూసి 2019లో ఒక చట్టం తెచ్చారు, 2021 జూలై నుంచి అమల్లో పెట్టారు. దాని కీలకం ఒక్కటే. ఎవడు ఈ సామాను దేశంలోకి తెచ్చి అమ్ముతున్నాడో వాడే దాన్ని వెనక్కి తీసుకునే ఖర్చు భరించాలి. కంపెనీలన్నీ కలిసి ఒక లైసెన్సు ఉన్న సంస్థకి డబ్బు కడతాయి, ఆ సంస్థ డబ్బాలు పెట్టి, సేకరించి, రీసైక్లర్‌కి పంపుతుంది. మొదట ఆ లైసెన్సు ఆల్బా అనే కంపెనీకి ఇచ్చారు. మాల్స్‌లో, కమ్యూనిటీ క్లబ్బుల్లో, హెచ్‌డీబీ బ్లాకుల దగ్గర మీరు చూసే ఈ-వేస్ట్ డబ్బాలు అవే. 300 చదరపు మీటర్లు అంతకంటే పెద్ద ఎలక్ట్రానిక్ షాపులైతే లోపల సేకరణ డబ్బా తప్పకుండా పెట్టాలి. మీరు అక్కడ ఏమీ కొనకపోయినా వేసి రావచ్చు, ఎవరూ అడగరు.

డబ్బాల్లో తేడా ఉంది, చూసుకోండి. కొన్నిట్లో ఫోన్లు లాంటివి, బ్యాటరీలు, బల్బులు మూడింటికీ మూడు నోళ్ళు ఉంటాయి. కొన్ని బ్యాటరీలకి మాత్రమే. పైన బొమ్మలు ఉంటాయి, బొమ్మలో లేనిది వెయ్యకండి. బ్లాకు కింద ఉండే నీలం రీసైక్లింగ్ డబ్బా వేరు, అది పేపరు, ప్లాస్టిక్, గాజు, డబ్బాల కోసం. అందులో బ్యాటరీ వేస్తే చెత్తబుట్టలో వేసిన ప్రమాదమే. పేపరు మధ్యలో కాబట్టి ఇంకా ఎక్కువ.

డబ్బా నుంచి వెళ్ళాక జరిగేది ఏమిటంటే, ముందు మనుషులో మిషన్లో రకాలు వేరు చేస్తాయి. ఆల్కలైన్ ఒక పక్క, నికెల్ ఒక పక్క, లిథియం ఒక పక్క. ఇదే ఖరీదైన పని. లిథియంని మంట అంటుకోకుండా జాగ్రత్తగా ముక్కలు చేస్తే ఉక్కు, రాగి, అల్యూమినియం విడిపోయి, చివరికి ఒక నల్ల పొడి మిగులుతుంది. కోబాల్టు, నికెల్, లిథియం దాంట్లోనే ఉంటాయి. యాసిడ్ లాంటి వాటిలో కరిగించి ఒక్కొక్కటీ బయటికి తీస్తారు. ఇక్కడ తువాస్‌లో 2021లో టెస్ అనే కంపెనీ అలాంటి ప్లాంటు పెట్టింది. తువాస్‌లో పనిచేసిన మనవాళ్ళు ఆ రోడ్డు మీద వందసార్లు తిరిగే ఉంటారు.

యూరప్ వాళ్ళు దీన్ని మనకంటే చాలా ముందు మొదలుపెట్టారు. బెల్జియంలో 1995లోనే బెబాట్ అని సేకరణ సంస్థ వచ్చింది. యూరోపియన్ యూనియన్ 2006లో చట్టం చేసి, చిన్న బ్యాటరీల్లో 2012కి 25 శాతం, 2016కి 45 శాతం వెనక్కి రావాలని పెట్టింది. ఇప్పుడు 2023 చట్టంలో 2027 చివరికి 63, 2030 చివరికి 73 శాతం అంటున్నారు. ఇన్నేళ్ళు, ఇంత డబ్బు, ఇన్ని డబ్బాలు పెట్టినవాళ్ళకే టార్గెట్ వందకి దగ్గర్లో లేదు చూడండి. కారణం పెద్ద రహస్యమేం కాదు. సెల్లు చిన్నది. సొరుగులో ఏళ్ళ తరబడి పడి ఉంటుంది. దానికోసం ప్రత్యేకంగా బస్సెక్కి ఎవడూ వెళ్ళడు. మనిషి ఎలాగూ వెళ్ళే చోట డబ్బా ఉంటేనే పడుతుంది.

ఈ ముక్క మా డార్మ్‌లో కళ్ళారా చూశాను. మా బ్లాకులో కొందరం కలిసి సెల్లు పోగేసే డబ్బా పెడదామనుకున్నాం. మేనేజర్ దగ్గరికి వెళ్తే ఆయన మొదటి మాట, "మంట వస్తే ఎవరు బాధ్యత?" ఆ రోజు మావాళ్ళకి కోపం వచ్చింది గానీ, ఆయన అడిగింది న్యాయమే. వంద రూముల బ్యాటరీలు తెచ్చి ఒకచోట పోస్తే అది సేకరణ కాదు, బాంబు. చివరికి కుదిరిన ఒప్పందం ఇది. డబ్బాలో మామూలు పెన్సిల్ సెల్లు, లావు సెల్లు మాత్రమే. లిథియం ఏదైనా డబ్బాలో వెయ్యకూడదు, ఎవరిది వాళ్ళు నేరుగా మాల్‌కి తీసుకెళ్ళి కౌంటరులో అడిగి ఇవ్వాలి. డబ్బా లోహంది కాదు, మందపాటి ప్లాస్టిక్‌ది, గాలి చొరబడకుండా బిగించినది కాదు. వానపడని చోట, నడిచే దారికీ మెట్లకీ అడ్డం లేకుండా ఉంటుంది. ప్రతి ఆదివారం నిండినా నిండకపోయినా ఇద్దరు తీసుకెళ్ళి మాల్ డబ్బాలో వేసి వస్తారు.

ఆ చివరి మాటే అన్నిటికంటే ముఖ్యం అంటాను. చాలాచోట్ల డబ్బా ముందు పెట్టి, నిండాక ఎవరికివ్వాలో వెతుకుతారు. నేను చూసినంతలో అలా పెట్టిన డబ్బా చివరికి చెత్తబుట్టలోనే ఖాళీ అవుతుంది, అది చూసినవాడు జన్మలో మళ్ళీ వేరు చెయ్యడు. ముందు ఎక్కడికి వెళ్తుందో, ఎవడు తీసుకెళ్తాడో తేల్చుకోవాలి. తర్వాతే డబ్బా కొనాలి. స్లాబు వేశాక పైపుకి ఎక్కడ కన్నం పెడదామా అని ఆలోచించం కదా.

మొదట డబ్బాని చెత్త గది పక్కన పెట్టాం. టీ కప్పులు, బిస్కెట్ కవర్లు, ఒకసారి సగం తిన్న పరోటా. మూత మీద సెల్లు పట్టేంత గుండ్రటి కన్నం కొట్టి, డబ్బాని డార్మ్ కిరాణా కొట్టు పక్కకి మార్చాం. సరుకులు కొనడానికి అందరూ వస్తారు, కొత్త సెల్లు కూడా అక్కడే కొంటారు. అప్పట్నుంచి సెల్లు తప్ప ఇంకేం పడటం లేదు. నోటీసు తెలుగు, తమిళం, బెంగాలీ, చైనీస్ నాలుగింట్లో రాయించాం గానీ, నిజంగా పనిచేసింది బొమ్మలే. సెల్లు బొమ్మకి టిక్కు, పవర్ బ్యాంకు బొమ్మకి ఇంటూ.

టేపు సంగతి మర్చిపోకండి. పొగ అలారానికి వేసే 9 వోల్టుల చదరం బ్యాటరీకి రెండు కొసలూ పక్కపక్కనే ఉంటాయి. దానికి ఇంకో సెల్లో, తాళంచెవో తగిలితే షార్ట్ అవుతుంది. కొసల మీద మన కరెంటు టేపు ఒక ముక్క అంటించి వెయ్యండి. బిళ్ళ సెల్లకి, ఫోను బ్యాటరీకి కూడా అంతే. సెల్లు కారి తెల్లగా పొడి పట్టి ఉంటే చేత్తో గీకకండి, అది చర్మాన్ని కాలుస్తుంది. గ్లవ్ వేసుకుని చిన్న కవరులో కట్టి వెయ్యండి.

ఉబ్బిన పవర్ బ్యాంకు గురించి విడిగా చెప్పాలి. మా దగ్గర ఒకతను ఇడ్లీలా ఉబ్బిన పవర్ బ్యాంకుని తలగడ కింద పెట్టుకుని రాత్రంతా ఫోను చార్జింగ్ పెట్టేవాడు. "పనిచేస్తోంది కదన్నా" అంటాడు. పన్నెండు మంది పడుకునే రూమది, తలుపు ఒక్కటే. ఉబ్బిందంటే లోపల గ్యాసు పుట్టిందని అర్థం. ఇక దాన్ని చార్జ్ చెయ్యకూడదు, నొక్కకూడదు, సూదితో పొడిచి గాలి తియ్యకూడదు. ఎండ తగలని చోట, రూము బయట, ఇసుక పోసిన రేకు డబ్బాలో పెట్టి డార్మ్ ఆఫీసుకి చెప్పండి. పొగ వస్తోందా, దాని జోలికి పోవద్దు. అందర్నీ లేపి బయటికి పంపి, తలుపు వేసి 995కి ఫోన్ చెయ్యండి. పాస్‌పోర్టు, బట్టలు అని ఆగకండి. ఆ పొగ పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

సైటు డ్రిల్లు బ్యాటరీలు, యూపీఎస్ బ్యాటరీలు తెచ్చి మాల్ డబ్బాలో వెయ్యొద్దు. ఆ డబ్బాలు ఇళ్ళ సామాను కోసం. సైటువి కంపెనీవి, వాటిని లైసెన్సు ఉన్న కలెక్టరుకి కంపెనీయే ఇవ్వాలి. టూల్‌బాక్స్ మీటింగులో సేఫ్టీ ఆఫీసర్ని అడగండి, "సార్, పాత డ్రిల్ బ్యాటరీలు ఎక్కడ పెట్టాలి" అని. అడిగితే తప్పేం లేదు. స్టోరులో సిమెంటు బస్తాల వెనక పోగుపడి ఉండటం కంటే ఆయనకీ అదే మంచిది.

లీవుకి ఇంటికెళ్ళే వాళ్ళు చాలామంది అడిగేది ఇంకోటి. పాత ఫోన్లు, బ్యాటరీలు ఊళ్ళో బాగుచేయించుకుందామని కార్గో పెట్టెలో, చెకిన్ సూట్‌కేసులో పడేస్తారు. విడి లిథియం బ్యాటరీ, పవర్ బ్యాంకు చెకిన్‌లో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే ఉండాలి. 100 వాట్ అవర్ల లోపైతే మామూలుగా తీసుకెళ్ళచ్చు, 100 నుంచి 160 దాకా ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, అంతకు మించితే కుదరదు. లెక్క సులువు. పవర్ బ్యాంకు మీద రాసిన ఎంఏహెచ్ అంకెని 3.7తో గుణించి 1000తో భాగించండి. 20,000ది అయితే 74. 27,000ది అయితే 99.9, అంచుమీద ఉంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లో 2025 ఏప్రిల్ 1 నుంచి విమానంలో పవర్ బ్యాంకు వాడటం, చార్జ్ చెయ్యడం కూడా ఆపేశారు. ఉబ్బినవి, పాడైనవి అసలు తీసుకెళ్ళకూడదు. అవి ఇక్కడే వదిలించుకుని వెళ్ళండి.

మరి మన ఊళ్ళో? రూలు లేక కాదు. 2016 నాటి చెత్త నియమాల్లోనే వాడేసిన బ్యాటరీల్ని ఇంటి ప్రమాదకర చెత్త కింద వేరుగా చూశారు. అంతకుముందు 2001 నుంచి ఉన్న బ్యాటరీ నియమాలు సీసం బ్యాటరీలకే. 2022 ఆగస్టులో కొత్త నియమాలు వచ్చాయి, చిన్న సెల్లు, ఫోను బ్యాటరీ, బండి బ్యాటరీ, అన్నీ అందులోకి వచ్చాయి. ఇక్కడి లాగే తయారుచేసేవాడు, దిగుమతి చేసేవాడు వెనక్కి తీసుకోవాలి. వాడేవాళ్ళం మనం వేరుగా ఇవ్వాలి. ప్యాకెట్ మీద చక్రాల చెత్తడబ్బాకి అడ్డంగా ఇంటూ కొట్టిన గుర్తు అందుకే. కానీ ఊళ్ళో పొద్దున్నే బండి వస్తే తడి, పొడి అని రెండు బుట్టలు చూపిస్తారు, సెల్లు ఎక్కడ వెయ్యాలో బండివాడికీ తెలీదు. పంచాయతీ ఆఫీసులోనో స్కూల్లోనో ఒక డబ్బా పెట్టించడం మనలాంటి వాళ్ళు నలుగురు కలిస్తే కష్టమేం కాదు. అయితే మళ్ళీ అదే మాట, దగ్గర్లోని టౌనులో తీసుకునే షాపో రిజిస్టరైన రీసైక్లరో ఎవరో ముందు కనుక్కోండి.

ఈలోపు ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఒకటి చెప్పండి. పిల్లలకి మనం పంపే బొమ్మలు, వెలిగే బూట్లు, పాట పాడే కార్డులు, చిన్న రిమోట్లు, వీటిలో బిళ్ళ సెల్లు ఉంటాయి. చచ్చినవైనా సరే, పిల్లలు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోపే లోపల కాల్చేస్తాయి. మింగారని అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, "బిళ్ళ సెల్లు మింగాడేమో" అని డాక్టరుకి ఆ మాటే చెప్పాలి. మూత స్క్రూతో బిగించి లేని బొమ్మ అయితే ఇక్కడే టేపు చుట్టి పంపండి. అయిపోయిన బిళ్ళలకి రెండు వైపులా టేపు అంటించి పైన ఎత్తులో ఉన్న డబ్బాలో దాచమనండి. మీరు లీవుకి వెళ్ళినప్పుడు టౌనుకి తీసుకెళ్ళి ఇచ్చెయ్యచ్చు.